ఉస్మానియా విశ్వవిద్యాలయము: మన వారసత్వం, మన బాధ్యత

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ఏదైనా ఒక విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. మన సొసైటీ చేసే పనులన్నిటిలో ముఖ్యమైనది పిల్లల చదువు కనుక, చదువుకు సంబంధించిన విషయమే ఎన్నుకున్నాము. దక్కనులో పుట్టి, నూరేళ్ళు దాటి నేటికీ నడుస్తున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం కథ మీకు మనవి చేయాలని మా వుద్దేశం. ఈ పేరు వినని యిల్లు మనలో లేదు. "మా నానా జామియాలో చదివారు" అని గర్వంగా చెప్పుకునే కుటుంబాలు ఎన్నో వున్నాయి. అయితే ఆ జామియా ఎందుకు పుట్టింది, ఎలా పెరిగింది, ఎక్కడ తడబడింది అని అడిగితే మాత్రం చెప్పగలిగేవారు తక్కువ. గర్వపడటం తేలిక. తెలుసుకోవడం కొంచెం కష్టం. ఇవాళ ఆ కష్టం కలిసి పడదాము.

హైదరాబాదు సంస్థానంలో ఆధునిక విద్యకు పునాది వేసినవారు మొదటి సాలార్ జంగ్ గారు. ఆయన దివానుగా వున్నప్పుడు 1850ల దశకంలో దారుల్ ఉలూమ్ అనే పాఠశాల వెలిసింది. 1887లో నిజాం కాలేజీ ఏర్పడింది. కాని ఆ కాలేజీ మద్రాసు యూనివర్శిటీకి అనుబంధమైనది. అంటే మన పిల్లవాడు హైదరాబాదులో చదివినా పరీక్ష మద్రాసుది, పట్టా మద్రాసుది, బోధన ఇంగ్లీషులో. ఆ మెట్లు ఎక్కగలిగినవారు బహు కొద్దిమంది. సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం వుండాలనే మాట 1880లలోనే వినవచ్చింది. విల్ఫ్రిడ్ బ్లంట్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి హైదరాబాదు వచ్చినప్పుడు అటువంటి ప్రతిపాదన ఒకటి చేశాడు కూడా. కాని అది కాగితం మీదనే మిగిలిపోయింది.

ఆ మాటను కార్యరూపంలోకి తెచ్చినవారు సర్ అక్బర్ హైదరీ గారు. 1917లో ఆయన ఒక విజ్ఞాపన పత్రం తయారు చేశారు. అందులోని సారాంశం సూటిగా చెప్పుకోవచ్చు. పరాయి భాషలో పాఠం వినే పిల్లవాడి శక్తిలో సగం ఆ భాషను అర్థం చేసుకోవడానికే ఖర్చయిపోతుంది, విషయం మనసుకు ఎక్కదు, బట్టీ పట్టడం ఒక్కటే మిగులుతుంది. కనుక ఈ దేశపు భాషలోనే పై చదువులు చెప్పే విశ్వవిద్యాలయం కావాలి, ఇంగ్లీషును మాత్రం ఒక భాషగా అందరికీ తప్పనిసరిగా నేర్పాలి అన్నారు. ఈ మాటకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు సమ్మతించి 1917 ఏప్రిల్ 26న ఫర్మానా జారీ చేశారు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. నవాబ్ హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ గారు మొదటి వైస్ ఛాన్సలర్. 1919లో ఇంటర్మీడియట్ తరగతులు మొదలైనాయి. అప్పుడు 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు! దక్షిణాదిన మద్రాసు, మైసూరు తరువాత ఇది మూడవ విశ్వవిద్యాలయం. కాని భారతీయ భాషను బోధనాభాషగా పెట్టుకోవడంలో దేశానికంతటికీ మొదటిది. ఆనాడు రవీంద్రనాథ్ ఠాగూర్ గారంతటి వారు ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంటూ హైదరీ గారికి వుత్తరం వ్రాశారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఉర్దూలో పాఠం చెబుతామన్నారు సరే, పుస్తకాలేవి? కవిత్వానికి, మతగ్రంథాలకు లోటు లేదు. కాని రసాయనశాస్త్రం, గణితం, వైద్యం, ఇంజనీరింగు, ఆర్థికశాస్త్రం? వీటికి పుస్తకాలు లేవు, అసలు మాటలే లేవు. అందుకని కాలేజీ తెరవటానికి ముందే 1917లో దారుల్ తర్జుమా, అంటే అనువాద కార్యాలయాన్ని, తెరిచారు. దాని తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు. బాబా-యె-ఉర్దూ అని లోకం పిలుచుకున్న మహానుభావుడు. దేశం నలుమూలల నుండి పండితులను పిలిపించారు. నజ్మ్ తబాతబాయీ, వహీదుద్దీన్ సలీమ్, అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ వంటివారు అక్కడ పనిచేశారు. జోష్ మలీహాబాదీ వంటి మహాకవి కూడా ఆ కార్యాలయంలో దాదాపు పదేళ్ళు వుద్యోగం చేశారు.

వీరి పని మనం అనుకున్నంత సులువు కాదు. ఒక్కొక్క పారిభాషిక పదం మీద రోజుల తరబడి చర్చలు జరిగేవి. అరబ్బీ నుండి తీసుకోవాలా, ఫార్సీ నుండా, హిందీ నుండా, లేక ఇంగ్లీషు మాటనే వుంచేయాలా? ఒక పక్క భాషాపండితులు, మరొక పక్క ఆ శాస్త్రం తెలిసినవారు, ఇద్దరూ ఒప్పుకుంటేనే మాట ఖాయం. వహీదుద్దీన్ సలీమ్ గారు పదాలు ఎలా తయారు చేయాలనే విషయం మీద ఏకంగా ఒక గ్రంథమే వ్రాశారు. గణితం రియాజీ అయింది, ఆర్థికశాస్త్రం మఆషియాత్ అయింది. ముప్ఫై ఏళ్ళలో నాలుగు వందలకు దగ్గరగా గ్రంథాలు తయారైనాయి. వైద్యకళాశాలలో శరీరశాస్త్రం, ఇంజనీరింగు కళాశాలలో వంతెనల నిర్మాణం కూడా ఉర్దూలో చెప్పారంటే ఈనాటి మన పిల్లలు నమ్మరు. కాని జరిగింది. అలా చదివిన డాక్టర్లు రోగాలు నయం చేశారు, అలా చదివిన ఇంజనీర్లు కట్టిన కట్టడాలు నిలబడ్డాయి.

ఇక భవనాల సంగతి. మొదట్లో నిజాం కాలేజీ పరిసరాల్లో, అద్దె యిళ్ళలో తరగతులు నడిచాయి. శాశ్వత స్థలం కోసం పట్టణ నిర్మాణ నిపుణుడైన పాట్రిక్ గెడెస్ గారి సలహా తీసుకున్నారు. అడిక్‌మెట్ దగ్గర వేయి ఎకరాలకు పైబడిన స్థలం నిర్ణయించారు. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే యిద్దరు ఇంజనీర్లను యూరపు, అమెరికా మొదలైన దేశాలకు పంపించి అక్కడి విశ్వవిద్యాలయాలను చూసి రమ్మన్నారు. కైరోలో హీలియోపొలిస్ పాలెస్ హోటల్ కట్టిన బెల్జియం దేశపు శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గారిని పిలిపించారు. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934 జులై 5న పునాదిరాయి పడింది. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది. ఆ గులాబీరంగు నల్లరాతి కట్టడం ముందు నిలబడి తలెత్తి చూడండి. స్తంభాల్లో ఎల్లోరా, అజంతా గుహల పోకడ కనబడుతుంది. పైన కమానుల్లో బీజాపూరు, గోలకొండల పోకడ కనబడుతుంది. హిందూ, ముస్లిం శిల్పాలు ఒకే గోడలో యిమిడిపోయినాయి. రాయి చెప్పిన మాట మనుషులు ఎప్పుడూ విన్నారా అంటే, ఆ సంగతి కాసేపట్లో మనవి చేస్తాము.

ఆడపిల్లల చదువు సంగతి ఇక్కడ చెప్పాలి. 1924లోనే మహిళా కళాశాల మొదలైంది. కొంతకాలం సరోజినీ నాయుడు గారి కుటుంబానికి చెందిన గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో నడిచింది. 1949లో కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది. ఒకప్పుడు తెల్లదొర దర్బారు చేసిన హాలులో మన ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు. ఆ కళాశాలే 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, తరువాత వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నది. పర్దా పద్ధతి గట్టిగా వున్న 1924లో ఆడపిల్లను కాలేజీకి పంపిన ఆనాటి తల్లిదండ్రుల ధైర్యాన్ని తలుచుకుంటే, 2000 సంవత్సరం దాటిన తరువాత కూడా "ఇంటర్ చాలులే" అనే మన మాట మనకే చిన్నతనంగా తోస్తుంది.

మరికొన్ని సంస్థలు కూడా ఉస్మానియా నీడలో పెరిగాయి. నవాబ్ జఫర్ జంగ్ గారు సొంత డబ్బుతో దూరదర్శిని తెప్పించి 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల 1919లో విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశంలోని నక్షత్రాల ఫోటో పట్టిక తయారు చేసే అంతర్జాతీయ కార్యక్రమంలో అది పాలుపంచుకున్నది. 1968లో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల పెద్ద దూరదర్శిని ఏర్పాటైంది. ఇక దాయిరతుల్ మఆరిఫ్. 1888లో మొదలైన ఈ సంస్థ లోకంలో మూలమూలల్లో పడివున్న అరబ్బీ వ్రాతప్రతులను వెదికి, సరిచూసి అచ్చువేసింది. అల్‌బెరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూన్ అల్ మసూదీ, జకరియా రాజీ వైద్య గ్రంథం అల్ హావీ అక్కడ అచ్చయినవే. అరబ్బు దేశాల పండితులు తమ పూర్వీకుల పుస్తకాల కోసం హైదరాబాదు ముద్రణను తెప్పించుకుంటారు. ఇది మనకు తక్కువ గౌరవమా?

సోదరులారా, యింతవరకు చెప్పినది వింటే చెవికి యింపుగానే వుంటుంది. ఇప్పుడు కొంచెం చేదుమాట కూడా చెప్పుకోవాలి.

మాతృభాషలో చదువు అన్నారు. ఎవరి మాతృభాష? ఆనాటి సంస్థానంలో సుమారు సగంమంది తెలుగువారు. నాలుగవ వంతు మరాఠీవారు. ఉర్దూ యింటి భాషగా గలవారు, కన్నడంవారు దరిదాపు పదోవంతు చొప్పున. నల్లగొండ రైతు బిడ్డకు, ఔరంగాబాదు మరాఠీ బిడ్డకు ఉర్దూ కూడా నేర్చుకోవలసిన పరాయి భాషే. ఇంగ్లీషు వల్ల మన పిల్లవాడికి ఏ బాధ కలుగుతుందని హైదరీ గారు వ్రాశారో, ఆ బాధే ఉర్దూ వల్ల ఆ తెలుగు పిల్లవాడికి కలిగింది. తెలుగు శాఖ లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు గారంతటి కవి అక్కడ తెలుగు చెప్పారు. కాని తెలుగు ఒక పాఠ్యవిషయంగా వుండటం వేరు, తెలుగులో చదువు చెప్పడం వేరు. ఈ తేడాను ఆనాటి పాలకులు గుర్తించలేదు. మన పెద్దలలో చాలామంది కూడా గుర్తించలేదు. మనకు దొరికిన సుఖం పక్కవాడికి దొరకలేదన్న సంగతి సుఖంలో వున్నవాడికి త్వరగా తెలియదు.

1938లో హాస్టలు విద్యార్థులు వందేమాతరం పాడినందుకు విశ్వవిద్యాలయం వారిని వెళ్ళగొట్టింది. వందలాదిమంది చదువు మధ్యలో ఆగిపోయింది. నాగపూరు విశ్వవిద్యాలయం వారిలో చాలామందిని చేర్చుకున్నది. తరువాత దేశానికి ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు కూడా ఆ వుద్యమంలో పాల్గొని నాగపూరు వెళ్ళి చదువుకున్నవారే. చదువు చెప్పవలసిన చోట పాట పాడినందుకు తలుపు మూయడం తప్పు. మన సంస్థ కనుక, మన పేరు వున్నది కనుక ఈ తప్పును దాచిపెట్టడం న్యాయం కాదు. మన గొప్ప చెప్పుకునే నోటితోనే మన లోపం కూడా చెప్పుకుంటే ఆ గొప్పకు విలువ వుంటుంది.

అలాగని ఉర్దూ చదువు తెలుగుకు చేటు చేసిందని చెప్పడమూ పొరపాటే. సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉస్మానియాలోనే తెలుగు ఎం.ఏ. చేసి, అక్కడే ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం తెచ్చారు. దాశరథి కృష్ణమాచార్యులు గారు గాలిబును తెలుగువారి యింటికి తీసుకువచ్చారు. మఖ్దూమ్ మొహియుద్దీన్ గారు అక్కడ 1936లో ఎం.ఏ. పూర్తి చేసి, కార్మికుల పక్షాన నిలబడి ఉర్దూలో కవిత్వం చెప్పారు. అక్కడ చదివి, అక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు పారిస్‌లో స్థిరపడి ఇస్లామీ విద్యలకు ప్రపంచఖ్యాతి తెచ్చారు. బిరుదురాజు రామరాజు గారు అక్కడే తెలుగు జానపద గేయాలపై పరిశోధన చేసి, మన పల్లెపాటకు విశ్వవిద్యాలయ గౌరవం కల్పించారు. రెండు భాషలు ఒక చెట్టు నీడన వుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి యింతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సంస్థానం భారతదేశంలో కలిసింది. కొద్దికాలంలోనే బోధనాభాష ఇంగ్లీషుగా మారింది. ఆ మార్పుకాలంలో నవాబ్ అలీ యావర్ జంగ్ గారు వైస్ ఛాన్సలర్‌గా వుండి సంస్థను పడిపోకుండా నిలబెట్టారు. ఆయన తరువాత భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం గారు వచ్చారు. కాని ఆ మార్పు మన కుటుంబాలకు ఏం చేసిందో పెద్దవారికి తెలుసు. ఉర్దూలో చదివి, ఉర్దూలో దస్తావేజులు వ్రాసి బ్రతికినవారు ఒక్కసారిగా చదువురానివారితో సమానమైనారు. పదవులు పోయినాయి, ధైర్యం పోయింది. చాలా యిళ్ళల్లో "చదివి ఏం లాభం?" అనే మాట ఆనాడు పుట్టింది. ఆ మాట తండ్రి నుండి కొడుక్కి, కొడుకు నుండి మనవడికి వచ్చింది. మెకానిక్కు షెడ్డులో, బండి మీద, హోటల్లో పనికి కుదిరిన మన పిల్లలను అడగండి. ఆ మాట యింకా వినపడుతుంది. దారుల్ తర్జుమా మూతబడిన దానికంటే ఈ మాట పుట్టడమే మనకు పెద్ద నష్టమని మా అభిప్రాయం.

విశ్వవిద్యాలయం మాత్రం ఆగిపోలేదు. రాష్ట్రం ఏర్పడిన తరువాత మరింత పెరిగి, తల్లి చెట్టు నుండి కొమ్మలు విడిపోయినట్లు కొత్త సంస్థలకు జన్మనిచ్చింది. వ్యవసాయ విద్య 1964లో వేరే విశ్వవిద్యాలయం అయింది. వరంగల్లులోని పోస్టు గ్రాడ్యుయేట్ కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం అయింది. వైద్యకళాశాలలు 1986 తరువాత ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందకు పోయినాయి. ఇక్కడ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి. రాంరెడ్డి గారు 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని హైదరాబాదులో నడిపించారు. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో వున్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నిజామాబాదు, కరీంనగర్‌లలో 2006, 2008 మధ్య విశ్వవిద్యాలయాలు వెలిశాయి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కాలేజీ పుస్తకాలు తెలుగులో తయారు చేయసాగింది. యాభై ఏళ్ళ ముందు దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పనే అది. తెలుగు బిడ్డకు రావలసిన న్యాయం ఆలస్యంగానైనా కొంత వచ్చింది.

ఉస్మానియా విద్యార్థులు కేవలం పుస్తకాలకే పరిమితం కాలేదు. 1969 తెలంగాణా వుద్యమంలోను, 2009 నుండి సాగిన వుద్యమంలోను ఆర్ట్స్ కాలేజీ మెట్లే వేదిక అయినాయి. ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలు వున్నారు, చదువులు పోగొట్టుకున్న పిల్లలు వున్నారు. 2014 జూన్ 2న తెలంగాణా రాష్ట్రం ఏర్పడింది. 2017 ఏప్రిల్ 26న ఫర్మానాకు సరిగ్గా నూరేళ్ళు నిండిననాడు రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు శతాబ్ది వుత్సవాలు ప్రారంభించారు.

ఇంతకూ ఈ కథ మనకెందుకు? మూడు మాటలు చెప్పి ముగిస్తాము.

మొదటిది. ఒక ఫర్మానాతో విశ్వవిద్యాలయం పుడుతుంది గాని, విద్యార్థి పుట్టడు. విద్యార్థిని తయారు చేసేది యిల్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రజల సొమ్ముతో నడిచేది. అంటే రోజుకూలీ చేసే మన తమ్ముడు కొనే అగ్గిపెట్టె మీద పన్ను కూడా అందులో వుంది. ఆ తలుపు మన పిల్లలకు కూడా తెరిచే వుంది. 2007 చట్టం ప్రకారం ముస్లిములలో వెనుకబడిన తరగతులకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం సీట్లు కేటాయించారు. కాని కులధ్రువపత్రం, ఆదాయపత్రం వేళకు చేతిలో లేక సీటు పోగొట్టుకున్న పిల్లలను మేము ఎరుగుదుము. ఫలితాలు వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరిగితే ఏం లాభం? పిల్లవాడు పదవ తరగతిలో వుండగానే ఈ కాగితాలు సిద్ధం చేసుకోవాలి. ఇందుకు సాయం చేయడానికి మన సొసైటీలో యిద్దరు ముగ్గురు యువకులు ఏడాదికి నెల రోజులు కేటాయిస్తే చాలు.

రెండవది. మన పిల్లలకు ఉర్దూ యింటిభాష, తెలుగు వూరిభాష, ఇంగ్లీషు వుద్యోగభాష. మూడిటిలో దేనినీ తక్కువ చేయవద్దు. తెలుగు చదవలేని మన పిల్లవాడు కలెక్టరాఫీసులో అర్జీ వ్రాయలేడు. ఉర్దూ చదవలేని పిల్లవాడు తన తాత వ్రాసిన వుత్తరం చదవలేడు. నాలుగు వందల పుస్తకాలు వ్రాసిన జాతి మనుమలు వాటి అట్టమీద పేరు కూడా చదవలేకపోతే అది ఏ ప్రభుత్వం తప్పూ కాదు, మన తప్పే. రోజుకు అరగంట యింట్లో తల్లి నేర్పితే ఆరు నెలల్లో వచ్చే విద్య అది. ఇక ఉర్దూలోనే పైచదువు చదవదలచినవారికి 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, 2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినాయి. ఈ అబ్దుల్ హఖ్ గారు దారుల్ తర్జుమా అబ్దుల్ హఖ్ గారు కారు. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాల నెలకొల్పిన విద్యాదాత. పేరు ఒకటే, పని కూడా ఒకటే!

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆడపిల్ల చదువు. తల్లులారా, మీతోనే ఈ మనవి. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, "కాలేజీ దూరం" అన్న ఒక్క మాటతో పుస్తకం మూసేసిన అమ్మాయి మీ వీధిలో వుందా లేదా? సంబంధం కుదిరేదాకా ఎందుకు వూరికే కూర్చోవాలి? దూరం వెళ్ళలేకపోతే సార్వత్రిక విశ్వవిద్యాలయం వుంది. ఇంట్లో వుండి చదవవచ్చు, సెలవు దినాల్లో తరగతులకు వెళ్ళవచ్చు. పెళ్ళయిన తరువాత కూడా చదవవచ్చు. ఈ సంవత్సరం మన సొసైటీ సభ్యుల కుటుంబాలలో ఆగిపోయిన చదువులు ఎన్నో లెక్క తీద్దాము. లెక్క తీసి, ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క అమ్మాయి ఫీజు బాధ్యత తీసుకుందాము. వచ్చే వార్షికోత్సవంలో వుపన్యాసాలు కొంచెం తగ్గించి, ఆ అమ్మాయిల పేర్లు చదువుదాము.

అవతరించిన తొలి మాటే "ఇఖ్రా", చదువు. ఆ ఆజ్ఞ మగవారికి మాత్రమే అని ఎక్కడా లేదు. 225 మందితో మొదలైన జామియా ఎన్ని తరాలను తీర్చిదిద్దిందో చూశాము. మన సొసైటీ పది మందితో మొదలుపెడితే సిగ్గుపడనక్కరలేదు. మొదలుపెట్టకపోతేనే సిగ్గుపడాలి.

 అల్లాహ్ మన పిల్లలకు విద్యను, మనకు ఆ విద్యకు తోడ్పడే మనసును ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.